నాన్నగారి టాటా మొబైల్ ఇంటి దగ్గరే బాగుచేద్దామనుకుంటున్నాను: ఇంజనా, ఛాసిసా, ఏది ముందు?

లంకతోట (మామిడికుదురు వైపు):

అందరికీ నమస్కారమండి. మా నాన్నగారు 1991లో కొన్న టాటా మొబైల్ పికప్ మా ఇంటి వెనక కొబ్బరాకుల షెడ్డులో ఉంది. 206 మోడల్, ఏపీ 5 నంబరు. అంబాజీపేట మార్కెట్టుకి కొబ్బరికాయ తోలిందీ, రావులపాలేనికి అరటి గెలలు మోసిందీ ఇదే బండి. 1996 నవంబరు తుఫానుకి మా తోటలో సగానికి పైగా చెట్లు పడిపోతే, ఆ మొద్దులూ కాయా అన్నీ దీంట్లోనే బయటికి తీశారు నాన్నగారు. ఆయన పోయాక అమ్మేయమని ఇద్దరు ముగ్గురు పాత ఇనుము వాళ్లు వచ్చి అడిగారు. నాకు మనసొప్పలేదు. మళ్లీ రోడ్డెక్కించాలని ఉంది. షోకుకి కాదండి, తోట పనికి వాడుకుంటాను.

బండి పరిస్థితి చెబుతాను. చివరిసారి నడిచింది 2019లో. 2022 జూలై వరదలో మా లంకలోకి నీళ్లు వచ్చినప్పుడు చక్రాల సగం దాకా మునిగి కొన్నాళ్లు అలాగే ఉంది. నీళ్లు తీశాక నాన్నగారు పైన కడిగించారు, అడుగున ఒండ్రు మాత్రం ఇంకా పట్టుకునే ఉంది. వెనక తొట్టి అడుగు రేకు చాలా చోట్ల చిల్లులు పడింది, ఒక చోట కాలు దిగిపోయేంత. ఎడమ డోరు కింది అంచు పొడిపొడిగా రాలుతోంది. క్యాబిన్ పైకప్పు, బానెట్ బాగానే ఉన్నాయి. బ్రేకు పెడల్ కిందికంటా పోతోంది. ఇంజన్ తిరుగుతుందో లేదో తెలియదు, బ్యాటరీ ఎప్పుడో పోయింది.

నేను ఐటీఐ ఫిట్టర్‌ని. పీచు మిల్లులో మెషిన్లు చూస్తుంటాను. ఆర్క్ వెల్డింగ్ బాగా వచ్చు, పలచ రేకు మీద చెయ్యి అంతగా తిరగలేదు. కొబ్బరి ఎండబెట్టే సిమెంటు కల్లం ఉంది, దాని మీదికి బండిని లాక్కురాగలను. గ్రైండరు, చిన్న కంప్రెసరు ఉన్నాయి. డబ్బు ఒకేసారి పెట్టలేను, నెలనెలా కొంత కొంత పెట్టగలను. అందుకే అడుగుతున్నాను, దేనితో మొదలెట్టాలి? ఇంజన్ సంగతి ముందు తేల్చుకోవాలా, ఛాసిస్ (బండినంతా మోసే అడుగు ఇనప చట్రం), బాడీ పని ముందు చేయాలా? బళ్ల పని తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.


గూడెం డ్రైవరు:

తమ్ముడూ, ముందు ఇంజన్ చూసుకో. అది పోతే మిగతా ఖర్చంతా దండగ. కొత్త బ్యాటరీ వేసి సెల్ఫ్ కొట్టు. సెల్ఫ్ పట్టకపోతే ట్రాక్టరుకి తాడు కట్టి రెండో గేరులో లాగిస్తే అదే అందుకుంటుంది. పాత టాటా ఇంజన్లు మొండివి, అంత తేలిగ్గా చావవు.


వశిష్ఠ ఒడ్డు (నరసాపురం):

డ్రైవరుగారూ, ఏమీ అనుకోకండి, ట్రాక్టరుతో మాత్రం లాగించవద్దు. ఏళ్ల తరబడి ఆగిన ఇంజన్లో రింగులు సిలిండరు గోడకి పట్టేసి ఉంటాయి. లాగితే రింగు విరుగుతుంది, గోడ గీసుకుపోతుంది. లోపల నీళ్లు గానీ ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బతికే ఇంజన్ని మన చేత్తో చంపుకున్నట్టే.

లంకతోటగారూ, నేను నరసాపురంలో టింకరింగ్ (బళ్ల రేకు పని) షెడ్డు నడుపుతాను. రొయ్యల బళ్లు, చేపల బళ్లు, కొబ్బరి బళ్లు, అన్నిటి అడుగూ చూసినవాణ్ని. మీ ప్రశ్నకి నా జవాబు: ఛాసిస్ ముందు. ఇంజన్ పోతే ఇంకో ఇంజన్ తెచ్చుకోవచ్చు. మీ బండిలో ఉన్నది 1948 సీసీ డీజిల్. 1994లో సుమో వచ్చినప్పుడు దానికీ ఈ ఇంజనే పెట్టారు కాబట్టి విజయవాడ ఆటోనగర్‌లో సామాను వెతికితే దొరుకుతుంది. పనికొచ్చే ఛాసిస్ మాత్రం దొరకడమే కష్టం. దొరికినా దాని మీద నంబరు వేరు. కాగితాల లెక్కలో అది మీ నాన్నగారి బండి కాదు.

మన డెల్టాలో బండి పైనుంచి పాడవదు, లోపలి నుంచి పాడవుతుంది. అంతర్వేది, పేరుపాలెం వైపు బళ్లకి ఉప్పుగాలి. రొయ్యలు తోలేవాటికి ఐసు కరిగిన ఉప్పునీళ్లు రోజంతా ఛాసిస్ మీదికి కారుతుంటాయి. మీది నదినీళ్లలో మునిగింది, అంత ఉప్పు లేదు. కానీ ఒండ్రు ఉంది చూశారా, అదీ తక్కువది కాదు. మెత్తటి మట్టి ఛాసిస్ కన్నాల్లోంచి లోపలికి పోయి అడుగున కూర్చుంటుంది. బయట ఎండినట్టు కనిపిస్తుంది, లోపల ఏడాది పొడుగునా చెమ్మ పట్టి ఉంచుతుంది. పైన రంగు బాగుంది కదా అనుకుంటాం, లోపల రేకు పలచబడిపోతూ ఉంటుంది. అందుకని గ్రైండరు పట్టుకునే ముందు నీళ్ల మోటారు పట్టుకోండి. సన్నటి పైపు ప్రతి కన్నంలోకీ దూర్చి, రెండో వైపు తేటనీళ్లు వచ్చేదాకా కడగండి. తర్వాత కంప్రెసరు గాలి కొట్టి, బాగా ఎండనివ్వండి.

కడగడానికైనా బండిని పైకి లేపాలి కదా. కల్లం ఉందన్నారు, మంచిది. మన నల్లమట్టిలో జాకీ దిగిపోతుంది. జాకీ మీదే వదిలేసి కిందికి దూరవద్దు. ఇటుకలు, సిమెంటు బ్లాకులు పేర్చవద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. ఇనప స్టాండ్లు నాలుగు తెచ్చుకోండి. మీకు వెల్డింగ్ వచ్చు కదా అని పైపు ముక్కలతో మీరే చేసుకోవద్దు. ప్రాణం దాని కింద ఉంటుంది.

ఇప్పుడు ఒక చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ ఈ చివర నుంచి ఆ చివరికి కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట ధ్వని చచ్చిపోతుంది, పెచ్చులు రాలతాయి. రాలిన చోట పాత స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. దిగిపోయిందంటే అది రేకు కాదు, తుప్పే. వెనక కమాన్ కట్టలని (స్ప్రింగు పట్టీలని) ఛాసిస్‌కి పట్టి ఉంచే హ్యాంగర్లు రివెట్ చేసిన చోటు, అడ్డకమ్మీలు కలిసే మూలలు, తొట్టి కూర్చునే బ్రాకెట్ల అడుగు, ఈ మూడూ రెండేసి సార్లు చూడండి. రెండు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి ఉన్న చోట మధ్యలో తుప్పు ఉబ్బి ప్లేటునే వంచేస్తుంది. అలా ఉబ్బిన చోట పైన ఎంత గీకినా లాభం లేదు, విప్పాల్సిందే.

తుప్పు గీకే హడావిడిలో ఛాసిస్ నంబరు పంచ్ చేసిన చోట గ్రైండరు పెట్టకండి. వైరు బ్రష్షుతో చేత్తో తుడిచి, ఫొటో తీసుకుని, గ్రీజు రాసి, టేపు అంటించి పెట్టుకోండి. రేపు ఆర్టీఓ ఆఫీసులో పెన్సిల్ ప్రింటు తీసేది అక్కడే. అది చెరిగితే మీ కష్టమంతా వృథా.

గీకాక చాలామంది కాలిన ఆయిలు పూసేస్తారు. నాకు ఇష్టం లేదు. దుమ్ము పట్టుకుంటుంది, రబ్బరు బుష్షులు ఉబ్బిపోతాయి, రేపు వెల్డింగ్ చేయాలంటే పొగ. ఫాస్ఫారిక్ ఆసిడ్ ఉన్న తుప్పు మందు దొరుకుతుంది. అది రాసి, డబ్బా మీద చెప్పినట్టు చేసి, ఆపైన ఎపాక్సీ ప్రైమరు కొట్టండి. లోపలి కన్నాల్లోకి మైనం లాంటి స్ప్రే వస్తుంది, దాన్ని పైపుతో కొట్టండి. ఇసుకతో బ్లాస్టింగ్ చేద్దామని ఎవరైనా అంటే వద్దనండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. సముద్రపు ఇసుకైతే ఉప్పు కూడా మనమే పట్టించినట్టవుతుంది.

ఇంజన్ సంగతి, తొందర లేకుండా. పాత డీజిల్ మొత్తం దించేసి ట్యాంకు విప్పి కడగండి. అడుగున నీళ్లూ జిగురూ తప్పకుండా ఉంటాయి. ఇంజన్ ఆయిలు దించండి, తెల్లగా వస్తే నీళ్లు కలిసినట్టు. హీటరు ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండరులో కాస్త ఇంజన్ ఆయిలు పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత ముందు పుల్లీ బోల్టుకి పానా పెట్టి చేత్తో మెల్లగా తిప్పండి. తిరిగితే అదృష్టం. తిరక్కపోతే పానాకి పైపు తగిలించి బలం చేయకుండా ఇంకా నాననివ్వండి. చేత్తో సాఫీగా తిరిగాకే కొత్త ఇంజన్ ఆయిలు నింపి, బ్యాటరీ సంగతి చూడండి. ప్లగ్గులు బయటే ఉంచి, ఇంజన్‌కి డీజిల్ అందకుండా సెల్ఫ్ కొట్టి ఆయిలు లైటు ఆరేదాకా తిప్పండి. అప్పుడు ప్లగ్గులు బిగించి, కొత్త ఫిల్టరు వేసి, డీజిల్ పైపుల్లో గాలి తీసి స్టార్ట్ చేయండి.

స్టార్ట్ చేసే రోజు పక్కన ఒక మనిషిని చెక్క పలకతో నిలబెట్టండి. ఇన్నేళ్లు ఆగిన డీజిల్ పంపులో లోపలి భాగాలు పట్టేసి ఉంటే ఇంజన్ ఒక్కసారిగా వేగం అందుకుని ఆగనంటుంది, తాళం తిప్పినా ఆగదు. గాలి పీల్చే మూతికి పలక అడ్డం పెడితే ఆగుతుంది. చెయ్యీ గుడ్డా పెట్టవద్దు.

బ్రేకుల్లో బేరం లేదు. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, పైపులు, హోసులు అన్నీ కొత్తవి. రాగి పైపు వేస్తానంటారు కొందరు, ఒప్పుకోకండి, అదురుకి పగులుతుంది.

తొట్టి అడుగుకి మూడు మిల్లీమీటర్ల గళ్ల రేకు వేయమని అందరూ చెబుతారు. మీ తొట్టి ఏడడుగులు, అయిదడుగులు అనుకుంటే ఆ రేకొక్కటే 75 కిలోలు దాటుతుంది. అంత బరువు ఎప్పుడూ మోస్తూ ఉండాలి. అంతకంటే పలచనైన 16 గేజి రేకు వేసి కింద అడ్డపట్టీలు దగ్గర దగ్గరగా కొట్టించండి, కొబ్బరికాయకి అది చాలు. నీళ్లు దిగే కన్నాలు మూలల్లో వదలడం మరవద్దు. జింకు పూత రేకు మీద వెల్డింగ్ చేస్తే ఆ పొగకి జ్వరం వస్తుంది, పూత గీకాకే చేయాలి.

రంగు పని మాత్రం సంక్రాంతి తర్వాత పెట్టుకోండి. ముసురు రోజుల్లో కొడితే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు తెల్లగా పాలిపోతుంది. రెండు డబ్బాలు కలిపే పీయూ (పాలీయురేథేన్) పెయింటు ఇంటి దగ్గర మామూలు గుడ్డ మాస్కుతో కొట్టవద్దు, దాని గట్టిపరిచే మందు ఊపిరికి చాలా చెడ్డది. తోట బండికి సింథటిక్ ఎనామిల్ చాలు.

ముందు ఛాసిస్ సుత్తితో చూసి, ఫొటోలు పెట్టండి. మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.


అమలాపురం గూడ్స్:

మా ఇంట్లో సరుకు బళ్ల కాగితాలన్నీ నేనే చూస్తానండి. పని పూర్తయ్యాక కాగితాలు చూద్దాం అనుకోకండి తమ్ముడూ, ఇప్పుడే మొదలుపెట్టండి.

ఆర్సీ మీ నాన్నగారి పేరు మీదే ఉంటే వారసుడి పేరుకి మార్చడానికి ఫారం 31 పెట్టాలి. మామూలుగా అమ్మకానికి వాడే 29, 30 కాదు. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఆఫీసులో ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు, అమ్మగారిదీ తోబుట్టువులదీ అభ్యంతరం లేదన్న పత్రం సిద్ధం చేసుకోండి. నిబంధన ప్రకారం యజమాని పోయిన 30 రోజుల్లో ఆఫీసుకి తెలపాలి, మూడు నెలల్లో దరఖాస్తు పెట్టాలి. గడువు దాటింది కాబట్టి ఆలస్యపు రుసుము కట్టమంటారు, దానికి కంగారు అక్కర్లేదు.

ఆర్సీలో ఏ తరగతి అని ఉందో చూడండి. గూడ్స్ అని ఉంటే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు) కావాలి. ఎనిమిదేళ్లు దాటిన బండికి అది ఏటా చేయించాల్సిందే. సొంత వాహనంగా ఉంటే ఫారం 25 పెట్టి రిజిస్ట్రేషన్ అయిదేళ్లకి పొడిగించుకోవాలి. పదిహేనేళ్లు దాటిన బళ్లకి ఈ ఫీజులు 2022 ఏప్రిల్ 1 నుంచి బాగా పెరిగాయి, బడ్జెట్టులో ముందే వేసుకోండి. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. మీ ఆర్సీలో జీవీడబ్ల్యూ అని ఎంత రాసుందో చూసుకోండి. పాత పన్ను బకాయి ఏమైనా ఉందా అన్నదీ కౌంటర్లో అడగండి.

పదిహేనేళ్లు దాటితే తుక్కు చేయాల్సిందేనని ఊళ్లో చెప్పుకుంటున్నారు, నమ్మకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అలా రిజిస్ట్రేషన్ ఆపేసింది ప్రభుత్వ వాహనాలకి. మన బండి పరీక్షలో నెగ్గితే తిరగవచ్చు.

ఇంకొకటి, రంగు మార్చాలనుకుంటే ఆర్సీలో కూడా మార్పించాలి. ఉన్న రంగే వేయించుకుంటే ఆ తిప్పట ఉండదు.


లంకతోట:

అందరికీ చాలా థాంక్సండి. మీరు చెప్పినట్టే చేశాను.

కడుగుతుంటే ఛాసిస్ లోంచి ఎంత ఒండ్రు వచ్చిందో చెప్పలేను, కల్లం మీద గుట్టగా పడింది. సుత్తితో మొత్తం చూశాను. ముందు భాగం, మధ్య భాగం గట్టిగానే ఉన్నాయి, చాలా ధైర్యం వచ్చింది. కుడి వైపు వెనక కమాన్ హ్యాంగర్ దగ్గర మాత్రం మీరన్నట్టే రెండు ప్లేట్ల మధ్య ఉబ్బి ఉంది. స్క్రూడ్రైవరు పొడిస్తే బొటనవేలు దూరేంత కన్నం పడింది. దాని చుట్టూ అరచేతి వెడల్పున రేకు పలచగా ఉంది. ఎడమ హ్యాంగర్ బాగుంది. నంబరు స్పష్టంగా కనిపిస్తోంది, టేపు వేసి దాచాను.

ఇంజన్ చేత్తో తిరిగిందండి! ఆయిలు పోసి వదిలేశాక మొదట కదల్లేదు, తర్వాత మెల్లగా పట్టు వదిలింది. ఇంజన్ ఆయిలు నల్లగానే వచ్చింది, నీళ్ల జాడ లేదు. వెనక హౌసింగ్ (వెనక ఇరుసు గేర్లుండే పెట్టె) ఆయిలు మాత్రం పాల టీ రంగులో వచ్చింది.

ఆర్సీలో గూడ్స్ అనే ఉంది. అమ్మ, చెల్లి సంతకాలు పెడతామన్నారు, సర్టిఫికెట్టుకి దరఖాస్తు ఇచ్చాను.

ఇప్పుడు సందేహం హ్యాంగర్ దగ్గరే. ఆ కన్నానికి పైనుంచి ప్లేటు ముక్క వేసి నేనే ఆర్క్‌తో కొట్టేయవచ్చా? లేక నరసాపురం తీసుకురమ్మంటారా? హౌసింగ్ మొత్తం విప్పాలా?


వశిష్ఠ ఒడ్డు:

ఇంజన్ తిరిగిందన్న మాట చదివి చాలా సంతోషం వేసిందండి.

హ్యాంగర్ దగ్గర పైన ప్లేటు అంటించవద్దు. కింద కుళ్లిన రేకు మీద కొత్త ప్లేటు వేస్తే మళ్లీ రెండు పొరల మధ్య చెమ్మ చేరి, ఇప్పుడున్న రోగమే రేపు ఇంకా పెద్దదవుతుంది. వెనక బరువు మోసే ముఖ్యమైన చోట్లలో అదొకటి. పద్ధతి ఇది. ఆ వైపు కమాన్ కట్ట దించేయండి. హ్యాంగర్ రివెట్లు తలలు గ్రైండ్ చేసి ఊడగొట్టండి. హ్యాంగర్ బయటికి తీశాక పలచబడ్డ రేకుని గట్టి రేకు కనిపించేదాకా కోసేయండి. చదరంగా కోయకండి, మూలలు గుండ్రంగా ఉండాలి. చదరపు మూల నుంచే పగులు మొదలవుతుంది. అదే మందం ప్లేటు ఆ ఖాళీలో సరిగ్గా కూర్చునేలా కోసి, అంచు చాంఫర్ చేసి (ఏటవాలుగా గీకి), ప్లేటు మందం మొత్తం కరిగేలా అతకండి. పైఅంచు, కిందిఅంచు మడతల మీద అడ్డంగా వెల్డింగ్ గీత పడకూడదు, ఛాసిస్ లాగుడు అంతా ఆ మడతల్లోనే ఉంటుంది. కోత అక్కడి దాకా వెళ్లాల్సి వస్తే ఆగి నాకు ఫొటో పెట్టండి. అప్పుడు మాత్రం బండిని ఇటు తెప్పించుకోవడమే మంచిది.

కోత మడతకి దూరంగా, పక్కగోడలోనే ఉంటే మీరే చేయవచ్చు. ఛాసిస్ మందానికి ఆర్క్ బాగానే పనికొస్తుంది, మీ చెయ్యీ తిరిగిందే. పొడి రాడ్లు వాడండి, మన ఊళ్లలో రాడ్లు చెమ్మ పీల్చేస్తాయి, కొట్టే ముందు వేడి చేయండి. బ్యాటరీ రెండు తీగలూ విప్పి, ఆల్టర్నేటరు తీగ విప్పి, డీజిల్ ట్యాంకు బండి మీద లేకుండా చేసి, ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చోటికి దగ్గరగానే పెట్టండి. తొట్టి అడుగు రేకుకీ డోరుకీ మాత్రం ఆర్క్ వద్దు, చిల్లులు పడతాయి, వంకర్లు తిరుగుతుంది. ఆ రెంటికీ సీఓటూ వెల్డింగ్ (ఆ గ్యాసుతో, సన్న తీగతో చేసేది) ఉన్న షెడ్డుకి వెళ్లండి. డోరు విప్పి ఆటోలో వేసుకెళ్లవచ్చు కదా.

హ్యాంగర్ తిరిగి బిగించేటప్పుడు రివెట్ల బదులు హై టెన్సైల్ బోల్టులు వేయండి, తల మీద 8.8 గానీ 10.9 గానీ ఉండాలి. బోల్టు కన్నంలో ఆడకూడదు, బిగువుగా దిగాలి. బిగించే ముందు రెండు ముఖాలకీ ప్రైమరు కొట్టి ఆరనివ్వండి. ఒక వైపు విప్పాక రెండో వైపూ విప్పి చూడండి, పైకి బాగున్నా సరే.

హౌసింగ్ ఇప్పుడే విప్పక్కర్లేదు. పైన గాలి కన్నం మూత మట్టితో పూడిపోయి ఉంటుంది, శుభ్రం చేయండి. చౌక గేరు ఆయిలు పోసి, వెనక చక్రాలు స్టాండ్ల మీద ఉండగా చేత్తో చాలాసేపు తిప్పి, దించేయండి. తెలుపు పోయేదాకా అలా చేసి, చివర్లో 90 గేరు ఆయిలు నింపండి. తిప్పేటప్పుడు గరగర వినిపిస్తేనో, దించిన ఆయిల్లో మెరిసే ముక్కలు కనిపిస్తేనో అప్పుడు విప్పుదాం. నాలుగు చక్రాల హబ్బులూ విప్పి పాత గ్రీజు తీసేసి కొత్తది పెట్టండి, అక్కడా నీళ్లు చేరి ఉంటాయి.

కమాన్ బుష్షులు కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లండి. టాటా 207 పికప్‌కీ దీనికీ ఒకటేనని కౌంటర్లో చెబుతారు, పక్కపక్కన పెట్టి కొలిచాకే డబ్బులు ఇవ్వండి.


లంకతోట:

ఆయ్, అలాగేనండి. కోత పడేది పక్కగోడలోనే, కింది మడతకి నాలుగు వేళ్ల ఎడం ఉంది. ఆదివారం మిల్లు సెలవు, కుడి కట్ట దించుతాను. రేకు కోశాక ప్లేటు అతికే ముందు కొలతలతో ఫొటో పెడతాను, మీరు చూసి సరేనన్నాకే రాడ్డు పెడతాను.